మెల్లకన్నుకు ఎన్ని పేర్లు?

చూపులను గూర్చి చెప్పుటకు మన తెలుగువారికి మాటల కరవు లేదు. ఓరచూపు అన్నాము, వాలుచూపు అన్నాము, కొనచూపు, కోరచూపు, బెదురుచూపు, దొంగచూపు అని వేటికవే పేర్లు పెట్టుకున్నాము. పెండ్లిచూపులని ఒక వేడుకనే కల్పించుకున్నాము. ఇన్ని మాటలు గల భాషలో, చూపు నిజముగా వంకరపోయినప్పుడు మాత్రము ఒక్కటే మాట ఉన్నది. అది మెల్ల. చంటిబిడ్డ కన్ను ముక్కు తట్టు వాలినా మెల్లే, చెవి తట్టు తిరిగినా మెల్లే. అరువది యేండ్ల పెద్దమనిషికి ఒకనాటి తెల్లవారి కన్ను కదలక నిలిచిపోయినా మెల్లే. కవికి అన్ని మాటలిచ్చిన భాష, రోగికి ఒక్క మాటే ఇచ్చినది.

ఇది ఒక్క తెలుగు సంగతి కాదు. మేము ఆంబూరులో కాపురమున్నవారము. ఇక్కడ వీధికి మూడు భాషలు వినవస్తాయి. తెలుగింట మెల్లకన్ను అంటే, పక్కనున్న అరవవారింట మారుకణ్ణు అంటారు, ఎదుటి సాయిబుగారింట భేంగా అంటారు. మూడిళ్ళలోను మాట ఒక్కొక్కటే. మూడిళ్ళలోను దాని వెనుక కొంచెము నవ్వు, కొంచెము జాలి. మనలో మరొకటి కూడా కలదు. మెల్లకన్ను అదృష్టమని, అట్టి బిడ్డ పుట్టిన ఇల్లు కలిసివస్తుందని పెద్దలు నమ్ముతారు. నవ్వుకంటె ఈ నమ్మకము మంచిదే. కాని బిడ్డను వైద్యుని వద్దకు పోనీయకుండా ఆపుటలో ఈ నమ్మకమునకున్న బలము నవ్వునకు లేదు.

మా ప్రాంతమును గూర్చి ఎరుగనివారికి రెండు మాటలు. 1911 లో చిత్తూరు జిల్లా వేరుపడక మునుపు వేలూరు, గుడియాత్తము, ఆంబూరు అన్నీ చిత్తూరుతో కలిసి ఉత్తర ఆర్కాడు జిల్లాగా ఉండేవి. చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్యపట్టణము. అందుచేత ఇక్కడి తెలుగు ఎక్కడినుంచో వలస వచ్చినది కాదు, గీత మారగా ఆవల నిలిచిపోయినది. 2019 లో మరల గీతలు మారినవి. వేలూరు జిల్లా మూడుగా విడిపోగా, ఆంబూరు తిరుపత్తూరు జిల్లాలో చేరినది. గుడియాత్తము వేలూరు జిల్లాలోనే ఉన్నది. ఆంబూరులో తోలు, చెప్పుల కార్ఖానాలు. గుడియాత్తములో మగ్గములు, అగ్గిపెట్టెల పని. జిల్లా ఏదైనను, కంటికి జబ్బు వస్తే అందరమూ బస్సెక్కేది వేలూరికే.

ఇక అసలు సంగతికి వస్తాము. మా మేనకోడలు వేలూరులో బి.యస్.సి. చదివి, చెన్నపట్నములో ఒక సంస్థలో ఉద్యోగమునకు చేరినది. ఏమి పని అని అడిగితే 'మెడికల్ కోడింగు' అన్నది. కోడింగు అనగా కంప్యూటరుకు పాఠము చెప్పుట కాబోలనుకున్నాము. అది కాదట. అమెరికాలో ఒక వైద్యుడు రోగిని చూచి, వ్యాధిని గూర్చి నాలుగు వాక్యములు వ్రాస్తాడు. ఆ వ్రాత చెన్నపట్నములోనో హైదరాబాదులోనో కూర్చున్న మన పిల్లల ముందుకు వస్తుంది. వారు దానిని చదివి, ఆ వ్యాధికి ప్రపంచమంతటికీ ఒప్పుదలయిన ఒక సంఖ్యను వేస్తారు. ఆ సంఖ్యను బట్టి అక్కడి బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. నూటికి 95 కంటె తక్కువ ఒప్పులు వస్తే వీరికి మాట వస్తుంది. మన యిండ్లలో సాధారణపు డిగ్రీ చదివిన ఆడపిల్లలు, మగపిల్లలు ఈ పనితో వేలమంది బ్రతుకుచున్నారు. వారు రోజంతా ఏమి చేస్తారో ఇంటివారిలో ఎరిగినవారు తక్కువ.

మా అమ్మాయికి ఇచ్చిన శాఖ కన్ను. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఆ పుస్తకము మాకు చూపినది. మేము ఆలుమగలము ఇద్దరమూ పంచాంగము చూచినట్లు దాని ముందు కూర్చున్నాము. ఆమె చెప్పినదానిలో మాకు అర్థమైనంత ఇక్కడ వ్రాస్తాము.

ఈ సంఖ్యల పట్టిక నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్సు దేశస్థుడైన జాక్ బెర్తియోఁ అను గణాంక శాస్త్రజ్ఞుడు 1893 లో చికాగోలో జరిగిన ఒక సభలో మరణకారణముల పట్టికను సమర్పించినాడు. పెద్ద పట్టికలో ఉన్నవి 161 పేర్లు మాత్రమే. అప్పటి ఉద్దేశము, జనులు దేనివలన చచ్చిపోవుచున్నారో లెక్క తెలియవలెనని. చావుకు కారణము కాని జబ్బులకు అందులో చోటు లేదు. 1948 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని చేతికి తీసుకొని ఆరవ కూర్పును వెలువరించినప్పుడు, చంపే జబ్బులతోపాటు బాధించే జబ్బులు కూడా చేరినవి. 1990 లో పదవ కూర్పు ఆమోదము పొందినది. 2022 నుండి పదునొకండవది అమలులోనికి వచ్చినది, కాని అమెరికాలో బిల్లులు ఇప్పటికీ పదవదాని మీదనే నడుస్తున్నవి. ఆ దేశమువారు దానిని తమ అవసరమునకు మరింత సాగదీసి, 2015 అక్టోబరు 1 నుండి వాడుచున్నారు. అంతకు మునుపు సుమారు 14,000 సంఖ్యలుండగా, ఇది సుమారు 70,000 సంఖ్యలకు పెరిగినది.

ఆ మహాగ్రంథములో కంటికి 'హెచ్' అను అక్షరము. మన మెల్లకన్నునకు అందులో ఎన్ని గదులున్నవని అడిగినాము. అమ్మాయి నవ్వి, "అత్తా, ముందు కన్ను ఎట్ల తిరుగుతుందో చెప్తాను, గదులు తర్వాత చూద్దాము" అన్నది.

కనుగ్రుడ్డు ఒక్కొక్కదానికి ఆరు కండరములు పగ్గములవలె కట్టి ఉన్నవి. రెండు కండ్లకు పన్నెండు. మా చిన్ననాట రైలుస్టేషను ముందర జట్కాలుండేవి. ఒక్క గుఱ్ఱమునకు రెండు పగ్గములు పట్టినవాడే ఎంతో నేర్పరి. ఇక్కడ రెండు గుఱ్ఱములు, పన్నెండు పగ్గములు, అయినను రెండూ ఒకే చోటికి ఒకే క్షణమున తిరుగవలెను. ఈ పగ్గములను మెదడునుండి వచ్చే నరములు మూడు జతలు నడుపుతాయి. మెదడునుండి వచ్చే నరములకు వరుస సంఖ్యలున్నవి. వానిలో ఇవి మూడవది, నాలుగవది, ఆరవది. మూడవ నరము ఒక్కటే ఆరింట నాలుగు కండరములను లాగుతుంది, పైగా రెప్పను ఎత్తుతుంది. నాలుగవది ఒక్క కండరమును, ఆరవది ఒక్క కండరమును చూచుకుంటాయి. ఆరవ నరము పని కన్నును చెవి తట్టు త్రిప్పుట.

ఇక గదులు. నరము పడిపోయినందువలన వచ్చిన మెల్ల హెచ్ 49. అందులో మూడవ నరమునకు 49.0, నాలుగవదానికి 49.1, ఆరవదానికి 49.2. నరములు బాగుండి, పసితనమునుండి కండ్ల పొందిక కుదరక వచ్చిన మెల్ల హెచ్ 50. అందులో లోపలికి వాలునది 50.0, బయటికి పోవునది 50.1, పైకో క్రిందికో పోవునది 50.2, అప్పుడప్పుడు మాత్రమే వచ్చిపోవునది 50.3. రెండు కండ్లూ జతగా కదలుటలో వచ్చే ఇతర చిక్కులు హెచ్ 51. దగ్గర వస్తువును చూచుటకు కండ్లు రెండూ లోపలికి సరిగా కూడిరాకపోవుట ఇందులోనిదే. చదువుకొను పిల్లలకు అక్షరములు అలికినట్లు, రెండైనట్లు కనబడి తలనొప్పి వస్తుంది. ఇంట్లో సోమరి అని పేరు పడిన పిల్లవాడు ఈ గదికి చెందినవాడు కావచ్చును. కనుగ్రుడ్లు గడియారపు లోలకమువలె అదేపనిగా ఊగునది హెచ్ 55. అట్టి పిల్లలు తలను ఒక ప్రక్కకు పెట్టి చూస్తారు. ఆ ప్రక్కన ఊగుట తగ్గి చూపు నిలుస్తుంది కనుక అట్లు చూస్తారు. మనము 'తల తిన్నగా పెట్టుకో' అని మొట్టికాయ వేస్తాము.

అమెరికావారి కూర్పులో ఇంకను సూక్ష్మము. ఆరవ నరము కుడికంటిదైతే 49.21, ఎడమకంటిదైతే 49.22, రెండింటిదైతే 49.23. ఏ కన్నో వ్రాయకపోతే దానికీ ఒక సంఖ్య ఉన్నది కాని, బిల్లు తిరిగివచ్చుట కద్దు.

ఇదంతయు విని మేము, "ఇంత చీల్చి చెప్పినందువలన ప్రయోజనమేమి? వైద్యుడు కన్ను చూస్తాడా, అంకె చూస్తాడా?" అన్నాము. అమ్మాయి ఆనాడు జవాబు చెప్పలేదు. జవాబు తరువాతి రెండేండ్లలో మా బంధువర్గములోనే దొరికినది.

మా పెదనాయన గుడియాత్తములో లుంగీల వ్యాపారము చేసినవాడు. వయస్సు డెబ్బైకి చేరువ. ఒకనాటి ఉదయము లేచి వాకిట నిలబడితే వీధిదీపములు రెండేసి కనబడినవి. వచ్చే సైకిలు ఒక్కటి, కనబడేవి రెండు. ఎండవేడి అని మజ్జిగ త్రాగి పడుకున్నాడు. సాయంత్రమునకు పెద్దమ్మ చూచి, "ఏందయ్యా, నీకు ఈ వయసులో మెల్లకన్ను వచ్చింది!" అన్నది. దగ్గరలోని ఒక చిన్న వైద్యశాలలో చూపగా చీటీ మీద 'స్క్వింటు' అని ఒక్క మాట వ్రాసి, కంటిలో వేయుటకు చుక్కలు ఇచ్చినారు. పెదనాయన నవ్వుకుంటూనే మాకు ఫోను చేసినాడు. అప్పుడు అమ్మాయి ఇంట్లోనే ఉన్నది. ఫోను తీసుకొని మూడు ప్రశ్నలు అడిగినది.

"తాతా, ఒక కన్ను చేత్తో మూసుకుంటే రెండు కనపడేది పోతుందా?"

"పోతుందమ్మా, ఏది మూసినా పోతుంది."

"ఏ పక్క చూస్తే ఎక్కువ?"

"ఎడమ తట్టు చూస్తే రెండూ దూరదూరంగా పోతాయి."

"రెప్ప వాలిందా? తలనొప్పి ఉందా?"

"లేదు."

అమ్మాయి ఫోనుమీద చేయి అడ్డుపెట్టి మాతో, "నేను డాక్టరును కాను. కాని ఆ చీటీలో రాసింది పేరు కాదు. పెద్దవాళ్ళకు ఒక్కసారిగా వచ్చేది, చిన్నబిడ్డల మెల్లా ఒకటి కాదు, మామా. ఇద్దరిదీ వేరే వేరే గది. ఈ రోజే వేలూరికి తీసుకొని పోవాల" అన్నది. అట్లే తీసుకొని పోయినాము.

వేలూరులో వైద్యుడు వ్రేలు అటునిటు త్రిప్పి చూచి, ఎడమకన్ను చెవి తట్టు పోలేకున్నదని, అది ఆరవ నరము సంగతి అని చెప్పినాడు. నెత్తురు పరీక్షలో చక్కెర చాల ఎక్కువగా తేలినది. పెదనాయనకు మధుమేహమున్నట్లు అంతవరకు ఎవరికిని తెలియదు. మధుమేహము, రక్తపు పోటు ఉన్నవారికి ఈ నరములకు నెత్తురు చేర్చు సన్నని నాళములు దెబ్బతిని ఇట్లు జరుగుట కలదని, చాలవరకు మూడు నెలలలో తనంతట తాను సర్దుకొనునని, అంతవరకు రెండు కనబడకుండ ఒక కన్నుకు మూత వేసుకొనవచ్చునని, కాని చక్కెరను మాత్రము ఇక జన్మలో వదలిపెట్టరాదని చెప్పినారు. మెదడులో వేరే కారణము లేదని నిశ్చయించుకొనుటకు రెండు దినములు ఆసుపత్రిలో ఉంచి పరీక్షలు చేసినారు. బీమాకు పంపిన కాగితములో ఆసుపత్రివారు నింపవలసిన భాగమున 'ఐ.సి.డి. 10' అని గడులున్నవి. ముఖ్యవ్యాధి కొకటి, తోడు వ్యాధులకు వేరొకటి. మునుపు అట్టి గడులను ఆఫీసు గొడవగా దాటిపోయేవారము. ఈసారి ఆగి చదివినాము. ఒక గడిలో హెచ్ 49.2, మరొక గడిలో మధుమేహపు సంఖ్య ఇ 11. రెండు సంఖ్యల నడుమ మా పెదనాయన కథ అంతయు ఉన్నది. కన్ను చెప్పినందున చక్కెర దొరికినది. మూడవ నెల చివరకు ఆయనకు మరల ఒక్క సైకిలు ఒక్కటిగానే కనబడినది.

ఆ చుక్కల మందుతోనే, 'స్క్వింటు' అను మాటతోనే ఊరకుండి ఉంటే? కన్ను ఎట్లును మూడు నెలలకు తిరిగి ఉండును. చుక్కల మందుకు పేరు వచ్చి ఉండును. చక్కెర మాత్రము లోపల తన పని తాను చేసుకొనిపోవుచుండును.

రెండవ కథ మా వీధిలోని బంధువుల బిడ్డది. నాలుగేండ్ల పాప. తండ్రి చెప్పుల కంపెనీలో సూపర్వైజరు, తల్లి ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పాపకు రెండేండ్లు నిండినప్పటినుండి ఒక కన్ను లోపలికి వాలుచున్నది. తల్లి ఒకటి రెండుసార్లు డాక్టరుకు చూపుదామన్నది కాని, ఇంటి పెద్దయైన అవ్వ ఒప్పుకొనలేదు.

"ఆ బిడ్డ పుట్టినాకనే మేము మిద్దె ఇల్లు కట్టింది. మెల్లకన్ను బిడ్డ ఇంటికి లక్ష్మి. దాని కంట్లో కత్తి పెట్టేదానికి నేను ఒప్పను" అని అవ్వ మాట.

అమ్మాయి సెలవులకు వచ్చి అవ్వ ప్రక్కన కూర్చున్నది. నమ్మకము తప్పని వాదించలేదు. "లక్ష్మి ఎక్కడికీ పోదులే అవ్వా. నాకొకటి చెప్పు, ఏ కన్ను తిరుగుతుంది?" అన్నది.

అవ్వ ఒక్క క్షణము ఆలోచించి, "ఎడమదే అనుకుంటా" అన్నది.

"ఎప్పుడూనా, అప్పుడప్పుడా?"

"అట్ల దూరంగా చూసేటప్పుడు అంత ఉండదే. పలక పట్టుకుంటేనే ఎక్కువ, అన్నం గిన్నె చూస్తే ఎక్కువ."

"కుడికన్ను మూస్తే ఏం చేస్తుంది?"

ఆ ప్రశ్నకు తల్లి జవాబు చెప్పినది. ఆటలో కుడికన్ను మూస్తే పాప ఏడ్చి చేయి తోసివేస్తుందట. ఎడమది మూస్తే ఊరకుంటుందట. ఆ మాట చెప్పుచుండగానే తల్లి ముఖము మారినది. మంచికన్ను మూసినందుకు బిడ్డ ఏడ్చుచున్నదని, అనగా రెండవ కంటికి సరిగా కనబడుట లేదని, ఆమెకు తన మాటలోనే తెలిసినది. ఎవరును చెప్పనక్కరలేకపోయినది.

ఒక వారము దినములు ఆ తల్లి తేదీల క్యాలెండరు కాగితము చింపినప్పుడెల్లను దాని వెనుక వ్రాసి పెట్టినది: ఏ వేళ, ఏమి చూచుచుండగా, ఏ కన్ను, ఎంతసేపు. ఆ ఏడు కాగితములను పట్టుకొని వేలూరు కంటి ఆసుపత్రికి పోయినారు. అక్కడ వాటిని చదివిన డాక్టరమ్మ, "మీరు సగం పని చేసి తెచ్చినారు" అన్నదట. చుక్కలు వేసి, కనుపాప విప్పారిన తరువాత చూడగా, పాపకు దగ్గరిది చూచుటకు కన్ను అతిగా శ్రమపడవలసిన ప్లస్ పవరు ఉన్నదని, ఆ శ్రమలోనే కన్ను లోపలికి వాలుచున్నదని తేలినది. కత్తి అవసరము లేదు. కళ్ళజోడు పెట్టినారు. బలహీనపడిన ఎడమకన్నుకు పని కలిగించుటకు కుడికన్నుకు దినమునకు రెండు గంటలు మూత వేయమన్నారు.

ఇందులో తెలిసికొనవలసిన ముఖ్యమైన సంగతి ఇది. పసిబిడ్డ మెదడు రెండు బొమ్మలను సహించదు. వాలిన కన్ను పంపే బొమ్మను త్రోసివేయుట నేర్చుకుంటుంది. నేర్చిన కొలది ఆ కంటికి చూపు పెరుగుట ఆగిపోతుంది. కన్ను బాగుండియు మెదడు దానిని వాడుకొనదు. ఏడెనిమిదేండ్ల లోపల పట్టుకుంటే చాలవరకు తిప్పుకొనవచ్చును. తరువాత కష్టము. పెండ్లీడు వచ్చిన తరువాత కన్నును శస్త్రచికిత్సతో చక్కబరచవచ్చును. ముఖము అందముగా ఉంటుంది, పోయిన చూపు మాత్రము రాదు. 'పెద్దయితే సరిపోతుంది', 'పెండ్లికి ముందు చూద్దాములే' అను మాటలు పోగొట్టేది ఈ ఏండ్లనే.

ఆ రెండు గంటల మూత వేళ పాప ఊరకుండుట కష్టమైనది. ఆ వేళలో కథలు చెప్పే బాధ్యతను అవ్వయే తీసుకున్నది. సంవత్సరము గడచినది. ఎడమకన్ను ఇప్పుడు ఆసుపత్రి పలక మీద మునుపటికంటె మూడు వరుసలు ఎక్కువ చదువుచున్నది. అద్దములు తీస్తే కన్ను మరల కొంచెము వాలుతుంది. ఇంకను కొన్నేండ్లు చూపించుకొనుచుండవలెను. బడిలో ఒకరిద్దరు పిల్లలు 'సోడాబుడ్డి' అని పిలిచినారు. మునుపు 'ఒన్నరక్కణ్ణు' అని పిలిచినవారే. అవ్వను అడిగితే, "లక్ష్మి కళ్ళజోడు పెట్టుకొనింది, అంతే" అంటున్నది.

వేలూరు అన్నాము కనుక ఆ ఊరికి చెల్లవలసిన మాట చెప్పకుండ పోరాదు. డాక్టరు ఐడా స్కడర్ 1900 లో ఒక్క మంచముతో వైద్యము మొదలుపెట్టి, 1902 లో 40 మంచముల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రిని తెరచినది. న్యూయార్కులోని షెల్ అను ధనికుడు గతించిన తన భార్య పేరిట ఇచ్చిన 10,000 డాలర్లతో దానిని కట్టినారు. ఆ పిమ్మట మోటారు బండిలో పోయి, రోడ్డు ప్రక్కన చెట్ల క్రింద ఆగి ఆమె రోగులను చూచేది. ఆ బండి పోయిన బాట గుడియాత్తము బాటయే. నేడు ఆ షెల్ ఆసుపత్రియే క్రైస్తవ వైద్య కళాశాలవారి కంటి ఆసుపత్రి. పెదనాయన ఊరినుండి వచ్చే బస్సు ఆ పాత బాటమీదనే వస్తుంది. ఆనాడు రోగి వద్దకు వైద్యురాలు పోయినది. నేడు రోగి పోతే చాలును, కాని పోవుటకే మనకు ఆలస్యము.

ఇప్పుడు మా మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాము. వైద్యుడు కన్ను చూస్తాడా, అంకె చూస్తాడా? కన్నునే చూస్తాడు. అంకె వైద్యము చేయదు. అవ్వ కథలకు ఆ పుస్తకములో సంఖ్య లేదు, తల్లి వ్రాసిన క్యాలెండరు కాగితములకు లేదు. మా అమ్మాయి చూచే వేల వ్రాతలలో ఒక్క ముఖము కూడా ఆమెకు కనబడదు. "ఈ బిడ్డకు తర్వాత ఏమైందో మాకు తెలియదత్తా. అంకె వేస్తాము, పక్కది వస్తుంది" అని ఒకనాడు అన్నప్పుడు ఆమె గొంతు కొంచెము తగ్గినది. వారి పనిలోని అలసట అదే కాబోలు.

అయినను అంకె ఒక మేలు చేస్తుంది. ప్రశ్న అడిగిస్తుంది. ఏ కన్ను, ఏ ప్రక్క, ఎప్పటినుండి, ఎల్లప్పుడునా, అప్పుడప్పుడా, నరమా, పొందికయా? ఇవి చెప్పనిదే గది తెరచుకొనదు. ఆ పుస్తకములో చాల వరుసల చివరను తొమ్మిదవ గది ఒకటి ఉంటుంది. హెచ్ 49.9, హెచ్ 50.9, హెచ్ 51.9. దానికి అర్థము 'ఇదమిత్థమని చెప్పనిది' అని. వైద్యుని వ్రాతలో వివరము లేనప్పుడు ఆ గదిలో పడవేస్తారు. "తప్పు కాదు, కాని నాకు ఆ తొమ్మిది వేసేటప్పుడు మనసొప్పదు" అంటుంది అమ్మాయి. అది విన్నప్పుడు మాకు తోచినది. మన 'మెల్ల' అను మాటయే ఆ తొమ్మిదవ గది. తెలుగింటనే కాదు, అరవింటను, సాయిబుగారింటను, ఆ చిన్న వైద్యశాల చీటీ మీదను అందరమూ రోగిని ఆ గదిలోనే కూర్చోబెట్టి తలుపు వేసుకొనుచున్నాము. లక్ష్మి అని పేరు పెట్టినా, ఒన్నరక్కణ్ణు అని పేరు పెట్టినా ఉన్నది ఆ గదిలోనే.

కనుక ఇంటింటి తల్లులకు, అవ్వలకు మా మనవి. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలలలో బిడ్డ కండ్లు అప్పుడప్పుడు తడబడుట సహజమే. ఎల్లప్పుడును వాలియుంటే అప్పుడు కూడా ఆగరాదు. ఆ నెలలు దాటిన తరువాత అప్పుడప్పుడు వాలినను కంటి వైద్యునికి చూపవలెను. పాత ఫొటోలు ఉంటే తీసుకొనిపోండి. కన్ను ఎప్పటినుండి తిరిగినదో అవి చెప్పును. ఏ కన్ను, ఏ ప్రక్క, ఏ వేళ అని వారము దినములు చీటీ మీద వ్రాయండి. బిడ్డ కనుపాపలో తెల్లని మెరుపు కనబడితే వారము కాదు, ఒక దినము కూడా ఆగవద్దు. అది కంటిలోని కంతికి గుర్తు కావచ్చును, ప్రాణముతో పని.

పెద్దవారికి ఒక్కసారిగా రెండు కనబడితే ఒక కన్ను మూసి చూడుడు. మూసినప్పుడు ఒక్కటే కనబడితే కండ్ల పొందిక చెడినదని అర్థము, ఆనాడే వైద్యుని చూడవలెను. రెప్ప వాలి, కనుపాప పెద్దదై, తలనొప్పి కూడ ఉంటే తెల్లవారువరకు కూడ ఆగరాదు. మెదడులోని రక్తనాళము ఉబ్బి మూడవ నరమును నొక్కుచుండవచ్చును. మెట్లు దిగునప్పుడు, చదువునప్పుడు ఒకదానిపై నొకటి రెండు కనబడి, తల ఒక ప్రక్కకు వంచితే సర్దుకొనుచున్నదా? అదియు వైద్యునికి చెప్పదగిన మాటయే. అది నాలుగవ నరముది కావచ్చును.

వైద్యుని గది నుండి బయటికి వచ్చునప్పుడు, 'అయ్యా, దీని పూర్తి పేరు ఏమి?' అని ఒక్క మాట అడిగి కాగితము మీద వ్రాయించుకొనుడు. అడుగుటకు సంకోచపడనక్కరలేదు. ఆ పేరే రేపు వేరొక ఊరి వైద్యునికి, బీమావారికి, ఇరువది యేండ్ల తరువాత ఆ బిడ్డకే పనికి వచ్చును.

మన సంఘమువారికి కూడ ఒక సూచన. వార్షికోత్సవమునాడు పిల్లలకు పాటల పోటీ, ముగ్గుల పోటీ పెట్టుచున్నాము. ఆనాడే ఒక మూల బల్ల వేసి, ఒక కంటి పరీక్షకుని పిలిచి, అయిదేండ్ల లోపు బిడ్డలందరికి ఒక్కొక్క కన్ను మూసి చూపించినచో ఖర్చు ఎక్కువ కాదు. ఈ యేడు ఆ బల్లను, కుర్చీలను మేము తెచ్చుటకు ఒప్పుకొనుచున్నాము. బిడ్డలను తెచ్చుట మీ వంతు.